ఆరు బోల్టుల వాన

కారు కప్పులోంచి నీళ్ళు కారడమనే జబ్బుకు మందు తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. నాలుగేళ్ళ కిందటి వానాకాలంలో తలలు పండినవాళ్ళూ, తలలో ఏమీ లేనివాళ్ళూ కలిసి రెండు నెలలు కుస్తీపట్టి చేతులెత్తేసిన పనిని నేను ఒంటిచేత్తో ముగించాను. నమ్మనివాళ్ళు మా కోడల్ని అడగొచ్చు. అడక్కపోతే ఇంకా మంచిది.

మా బండి పొడుగాటి పాత కారు. వెనక సీటు మడిచేస్తే లోపల ఇద్దరు మనుషులు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. నెత్తిమీద ఇనప క్యారియర్. అటు మూడు, ఇటు మూడు, ఆరు బోల్టులతో కప్పుకు బిగించి ఉంటుంది. అంత బండినీ నేను తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదని ఇంట్లో శాసనం. శాసనం చేసిందీ నేనే, చదివి వినిపించిందీ నేనే.

మా కోడలు కుట్టుపని చేస్తుంది. అప్పటిదాకా చిరుగులు కుట్టడం, అంచులు మడవడం లాంటి చిల్లర పనులే వచ్చేవి. ఆ వానాకాలం మొదట్లో గుట్టమీద కర్టెన్ల షాపు యజమానురాలు ఆమెకు ఒక పని అప్పగించింది. కొత్తగా కట్టిన లాడ్జికి అరవై కిటికీల కర్టెన్లు. నాలుగు విడతలుగా కుట్టి, వాటి కడ్డీలతో సహా తెచ్చి ఇవ్వాలి. ఇవి బాగా కుదిరితే షాపు పనంతా ఆమెకే. ముందుగదిలో రెండో మిషను వేసుకుంటానని కోడలు నేలమీద సుద్దతో గీత కూడా గీసి పెట్టుకుంది. మేమందరం ఆ గీత తొక్కకుండా నడిచేవాళ్ళం. మా అబ్బాయి ఒక్కడే తొక్కేవాడు. వాడు ఫ్యాక్టరీలో షిఫ్టు నుంచి వచ్చి కళ్ళు మూసుకునే ఇంట్లో నడుస్తాడు. ఈ కథలో వాడి పాత్ర ఇంతే, మీరు వాణ్ణి లేపకండి.

కర్టెన్లు బండి లోపల, కడ్డీలు నెత్తిమీద, స్టీరింగు దగ్గర నేను. మొదటి విడత తీసుకుని బయల్దేరేసరికి వాన. గుట్ట ఎక్కి షాపు ముందు ఆపి వెనక తలుపు తీస్తే, పైనున్న రెండు కర్టెన్లకు అరచేయంత మచ్చలు. మామూలు నీళ్ళయితే ఆరిపోయేవి, ఇవి తుప్పు నీళ్ళు. గోధుమరంగు బట్టమీద ఎర్రటి మరక.

"ఇవి రెండూ మళ్ళీ కుట్టి తెస్తానమ్మా" అంది కోడలు.

షాపావిడ మచ్చను గోటితో గీకి చూసింది.

ఇక ఇంట్లో సభ మొదలైంది. సభంటే మా బావమరిది. మా ఆవిడకు తమ్ముడు, పక్క వీధిలోనే ఉంటాడు, తిండికి తప్ప ఇంటికి వెళ్ళడు. వాడికి తెలియని విద్య లేదు, వచ్చిన విద్యా లేదు. బావి తవ్వేవాళ్ళ దగ్గర నిలబడి లోతు చెప్తాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి పక్కవాడి పన్ను ఏది పీకాలో చెప్తాడు. నేను వాడికి సర్వజ్ఞుడని పేరు పెట్టాను. వాడు దాన్ని బిరుదనుకుని మురిసిపోతున్నాడు.

సర్వజ్ఞుడు మా గుమ్మం ముందు ఆపిన బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, టైరును కాలితో తన్ని చూశాడు. కప్పులోంచి నీళ్ళు కారితే టైరు తన్నడమేమిటో వాడికే తెలియాలి.

"కారు కారుతోంది బావా!" అని పకపకా నవ్వాడు. తెలుగు పుట్టినప్పటి నుంచి ప్రతి బుద్ధిహీనుడూ వేసిన జోకును తనే కనిపెట్టినట్టు ఆ వానాకాలమంతా రోజుకొకసారి వేశాడు. రెండు నెలలు. లెక్క మీరే వేసుకోండి.

"జోకులు తర్వాత, ఎక్కణ్ణుంచి కారుతోందో చెప్పరా" అన్నాను.

"ఎక్కణ్ణుంచి ఏంటి బావా, కళ్ళు లేవా? అదుగో, ముందు అద్దం పైన చుక్క వేలాడుతోంది. ముందద్దం రబ్బరు పోయింది. నన్నడిగితే ఆ క్యారియర్ పీకేసి, బండి తూకానికి ఇచ్చెయ్."

"క్యారియర్ పీకితే కడ్డీలు నీ నెత్తిమీద పెట్టుకుని గుట్ట ఎక్కుతావా?" అంది లోపల్నుంచి మా ఆవిడ.

"అక్కా, నేను సలహా చెప్పేవాణ్ణి, మోసేవాణ్ణి కాదు."

వాడి సలహా ప్రకారం బండిని గమ్ము డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అది మెకానిక్కు మా వీధి పెట్టిన పేరు. ఆయన దగ్గర ఒకటే మందు, నల్లటి గమ్ము. రేడియేటరు కారినా గమ్మే, అద్దం కదిలినా గమ్మే, హారను మోగకపోయినా ముందు కాస్త గమ్ము రాసి చూస్తాడు. ముందద్దం చుట్టూ వేలెడు మందాన పూసి, "ఇక వందేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

వందేళ్ళు తొమ్మిది రోజుల్లో అయిపోయాయి. మళ్ళీ చుక్క. మళ్ళీ గమ్ము. ఈసారి తలుపుల చుట్టూ కూడా పూశాడు. దాంతో నా పక్క తలుపు అంటుకుపోయి, వారం రోజులు నేను కిటికీలోంచి దూరి బండి నడిపాను. ఈ వయసులో. లోపల సీటు కింద నీళ్ళు నిలిచి ఒక కప్ప కాపురం పెట్టింది. నేను గేరు మార్చినప్పుడల్లా అది ఒకసారి అరిచేది. మూడో గేరు పడలేదని నాకు అదే చెప్పేది. మా ఆవిడ చూసి, "ఆ మూల కాస్త ఆకుకూర విత్తనాలు చల్లండి, బజారుకు వెళ్ళే పని తప్పుతుంది" అంది.

ఈ అడ్డగాడిదల మధ్య చిక్కానే అని నేను రోజూ అనుకునేవాణ్ణి. చెప్పేవాడికి చెయ్యడం రాదు, చేసేవాడికి చూడడం రాదు. బండి గురించి నిజంగా తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణి ఉన్నాను, నన్ను మాత్రం ఎవడూ అడగడు! అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదనుకోండి, అది వేరే సంగతి.

రెండో విడతకు కోడలు కర్టెన్లను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టింది. గమ్ము డాక్టరు వందేళ్ళ మాట మళ్ళీ చెప్పాడు కాబట్టి, "సంచులెందుకమ్మా, బట్ట నలిగిపోతుంది, నా మాట విను" అని నేనే వాటిని విప్పించాను. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఎండ. గుట్ట ఎక్కేటప్పుడు కుండపోత. పైకి చేరేసరికి నాలుగు కర్టెన్లు పోయాయి.

షాపావిడ వాటిని బల్లమీద పరిచింది. కోడలు నిలబడి ఉంది. నేను గొంతు సవరించుకుని, "వాన ముందు మనమెంత చెప్పండి" అని మొదలుపెట్టాను.

"పెద్దాయనా, మీరు కాసేపు ఆగండి" అంది ఆవిడ నన్ను చూడకుండానే. తర్వాత కోడలితో, "నీ కుట్టులో వంక లేదమ్మా. అందుకే రెండుసార్లు ఊరుకున్నా. మూడోసారి ఒక్క మచ్చ కనపడ్డా మిగతాది వేరేవాళ్ళకి ఇస్తాను. లాడ్జివాళ్ళు ఆగరు, నేను వాళ్ళకేం చెప్పుకోను?"

"ఉండదండీ" అంది కోడలు.

తిరుగుదారిలో ఆమె తల ఎత్తి కప్పుకేసి చూస్తూ కూర్చుంది. గుట్ట దిగుతుంటే ముందద్దం పైన చుక్క పడింది.

"మావయ్యా, ఎక్కేటప్పుడు నీళ్ళు వెనక పడ్డాయి. దిగేటప్పుడు ముందు పడుతున్నాయి. గమనించారా?"

"బండికి కూడా మనసు మారుతుందమ్మా" అన్నాను, నాకే తెలివైన మాటగా తోచి.

"మన గుమ్మం దగ్గర కూడా బండి ముందువైపు పల్లంగా ఆగుతుంది కదా. అందుకని చుక్క ముందు వేలాడుతుంది. నీళ్ళు దిగేది ఇంకెక్కడో. కప్పు లోపలివైపు గుడ్డ ఉంది కదా, దానిమీద పాకుతున్నాయి."

నేను నవ్వాను. ఎలాంటి నవ్వో చెప్పాలా? ముప్పైయేళ్ళు బండి నడిపినవాడు సూదిలో దారం ఎక్కించేదాన్ని చూసి నవ్వే నవ్వు. "చీరకి జరీ ఎక్కడుందో చెప్పమంటే చెప్తావు గానీ, ఇది ఇనుమమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే నేను టీ గ్లాసుతో బయటికి వచ్చేసరికి ఆమె బండిలో మోకాళ్ళమీద కూర్చుని, కప్పు లోపలి గుడ్డను అంచుల వెంట చిన్న కత్తెరతో విప్పుతోంది. రవిక కుట్టు విప్పినట్టు, గుడ్డకు గాటు పడకుండా. గుడ్డ ఒకవైపు వేలాడింది. పైన ఉత్త రేకు. రేకులోంచి ఆరు బోల్టుల కొసలు కిందికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆమె తన కొలతల సుద్దను మెత్తగా నూరి, ఒక్కో బోల్టు చుట్టూ వేలితో పొడి అద్దింది. తడి తగిలితే సుద్ద రంగు మారుతుంది, అది దాచలేదు. బట్టలు కుట్టేవాళ్ళకు తెలిసిన సంగతే. ముప్పైయేళ్ళు బండి నడిపినవాడికే తట్టలేదు.

"మావయ్యా, మీరు లోపల వెల్లకిలా పడుకుని చూస్తారా? నేను పైన పోస్తాను."

"ఇదంతా దండగమారి పని" అంటూ పడుకున్నాను. ఆమె స్టూలెక్కి ఒక్కో బోల్టు మీద చెంబుతో నీళ్ళు పోసింది.

"మొదటిది. వచ్చిందా?"

"రాలేదు."

"రెండోది?"

"రాలేదు. నేను ముందే చెప్పాను, బోల్టులకేం రోగం? స్వయంగా ఈ చేతుల్తో బిగించినవి. నేను బిగించిన బోల్టు..."

"నోరు మూసుకోండి మావయ్యా, మూడోది పోస్తున్నా."

మూసుకోలేదు. అందుకని ఎడమవైపు వెనక బోల్టు దగ్గర సుద్ద నల్లబడి, అక్కణ్ణుంచి నీళ్ళు తీగలా దిగి, సరిగ్గా నా నోట్లో పడ్డాయి. తుప్పు రుచి. లేచి ఉమ్మేశాను. ఆ తర్వాత మూడు బోల్టులూ కూడా అదే పాట పాడాయి. ఆరింటిలో నాలుగు.

ఆమె స్పానరు తెచ్చి క్యారియర్ ఊడదీసింది. దాని కాళ్ళు ఆనిన చోట కప్పుమీద వేలు పెట్టి రాసింది.

"ఇక్కడ గుండ్రంగా అచ్చుంది మావయ్యా. దుమ్ము పట్టని అచ్చు. ఏదో ఉండేది ఇక్కడ."

"కంపెనీవాడి గుర్తు అయ్యుంటుంది" అన్నాను.

"ఆరు చోట్లా ఉంది."

"ఆరు గుర్తులు పెట్టాడేమో. కంపెనీవాళ్ళకి ఏం పని?"

ఆమె ఇంట్లోకి వెళ్ళింది, వేరే నట్లేమైనా ఉన్నాయేమోనని. నట్లు ఉండేది నా రేకు డబ్బాలో. ఆమె ఆ డబ్బా వైపు వెళ్తోందని తెలిసి నేను గబగబా నా టీ గ్లాసు వెతుక్కున్నాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఇంతదాకా చెప్పకపోవడానికి కారణం, మీరు అడక్కపోవడం.

ఆ ఏడాది ఎండాకాలంలో నేను క్యారియర్‌కు రంగు వేశాను. విప్పినప్పుడు ఒక్కో కాలి కింద ఒక్కో రబ్బరు వాషరు ఉంది. ఎండిపోయి, అంచులు చిట్లి ఉన్నాయి. 'ఇనుముకీ ఇనుముకీ మధ్య ఈ రబ్బరు దేనికి, కంపెనీవాడు ఊరికే పెట్టాడు, ఇనుము ఇనుము మీదే గట్టిగా కూర్చుంటుంది' అనుకుని వాటిని తీసేసి, రేకుమీద క్యారియర్ పెట్టి బిగించాను. ఎంత గట్టిగా బిగించానంటే చూడ్డానికి సర్వజ్ఞుణ్ణి కూడా పిలిచాను. "శభాష్ బావా" అన్నాడు వాడు. ఆ వాషర్లను పారేయలేదు. నేను ఏదీ పారేయను. ఆరింటినీ తీగకు గుచ్చి, ముడివేసి, డబ్బాలో దాచాను.

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. నేను ఎరుగుదును. రెండో చుక్క పడ్డ రోజునే ఒకసారి అనుమానం వచ్చింది. ఆ అనుమానం నెత్తిన కూడా కాస్త గమ్ము పూసి ఊరుకున్నాను.

కోడలు బయటికి వచ్చింది. ఆ తీగ ఆమె అరచేతిలో ఉంది. ఒక వాషరు తీసి అచ్చుమీద పెట్టింది. కొలిచినట్టు సరిపోయింది. నేను తేలుకుట్టిన దొంగలా టీ గ్లాసులోకి చూస్తున్నాను. టీ ఎప్పుడో అయిపోయింది.

ఆమె వాషరును రెండు వేళ్ళతో వంచింది. అది పుటుక్కున విరిగింది.

"ఇవి పనికిరావు" అంది. "అత్తయ్యా! పాత సైకిలు ట్యూబు ఏమైనా ఉందా?"

అంతే. ఇంకొక్క మాట లేదు. నలభైయేళ్ళుగా మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, సైకిలు ట్యూబు ఉందా అన్న ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

ట్యూబును కత్తెరతో గుండ్రంగా కత్తిరించింది. ఒక్కో కాలికి రెండు పొరలు, మధ్యలో రంధ్రం. రేకుమీద తుప్పు గీకి, తుడిచి, రంగు పూసింది. రంగు ఆరకముందే చినుకులు మొదలయ్యాయి. కప్పుకు ఆరు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అప్పుడు నేను రంగంలోకి దిగాను. కథ మొదట్లో ఒంటిచేత్తో ముగించానన్నాను కదా, అబద్ధమాడలేదు. ఒంటిచేత్తోనే. ఆ చేతిలో పెద్ద నల్లగొడుగు ఉంది. స్టూలు మీద నిలబడి రెండు గంటలపాటు కారు నెత్తికి గొడుగు పట్టాను. నా నెత్తిమీద మాత్రం వాన పడింది. రెండో చెయ్యి దేనికీ పనికిరాక జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఆమె బోల్టులు బిగించింది. నాలాగా పళ్ళు బిగించి కాదు. రబ్బరు కాస్త ఉబ్బిందో లేదో ఒంగి చూసుకుంటూ, ఒకదాని తర్వాత ఎదురుది, దాని తర్వాత మళ్ళీ ఇటువైపుది. మళ్ళీ సుద్ద, మళ్ళీ చెంబు. ఆరు చోట్లా సుద్ద తెల్లగానే ఉంది. గుడ్డను తిరిగి కుట్టేసింది. ఆ కుట్టు ఎక్కడుందో ఇప్పటికీ నాకు కనపడదు.

సరిగ్గా అప్పుడు వీధి చివరి నుంచి ఊరేగింపు వచ్చింది. సర్వజ్ఞుడు గమ్ము డాక్టర్ని చొక్కా పట్టుకోకుండా పట్టుకున్నంత పని చేసి వెంటబెట్టుకొచ్చాడు. వెనక నలుగురు తమాషా చూసేవాళ్ళు.

"చూడు! నీ గమ్ము వల్ల ఆడకూతురి పని పోయేలా ఉంది. నువ్వు మెకానిక్కువేనా? చెప్పులు కుట్టుకో పో!"

గమ్ము డాక్టరు మనిషి చిన్నబోయాడు. "నాకు తెలిసింది నేను చేశానండీ. లోపల ఏముందో నాకెట్లా తెలుస్తుంది? షెడ్డు ముందు నుంచి ఇంతమందిలో తీసుకొస్తే రేపు నా దగ్గరికి బండి ఎవరు తెస్తారు?" అన్నాడు. చేతులకు నల్లగమ్ము అలాగే ఉంది. రెండు నెలలు నేను వెటకారంగా చూసిన చేతులవి.

అప్పుడు నేను మెట్లు దిగి వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడ్డాను. "ఆయన్ని వదలరా. తప్పు ఆయనది కాదు. క్యారియర్ కింద వాషర్లు తీసి దాచింది నేను. రోగం పెట్టిందీ నేనే, వైద్యుణ్ణి తిట్టించిందీ నేనే" అన్నాను. సర్వజ్ఞుడి నోరు మొట్టమొదటిసారి తెరుచుకుని మాట లేకుండా ఆగింది. మా ఆవిడ గుమ్మంలోంచి, "ఇప్పటికి మనిషి అయ్యారు" అంది. గమ్ము డాక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ గమ్ము వదలడానికి మూడు రోజులు పట్టింది.

మూడో విడత వానలోనే వెళ్ళింది. బయల్దేరేముందు కోడలు నా దగ్గర చెయ్యి చాచింది. నేను తాళం ఇచ్చాను. బండి నడపడం ఆమెకు వచ్చని మా ఇంట్లో అందరికీ తెలుసట, నాకు తప్ప. నేను పక్క సీట్లో కూర్చుని గుట్ట మొత్తం కప్పుకేసి చూస్తూనే ఉన్నాను. షాపావిడ ప్రతి కర్టెనూ విప్పి, వెలుగుకు పట్టి చూసి, మడిచి పక్కన పెట్టింది. చివరిదాని మీద చెయ్యి ఆనించి, "నాలుగోది ఎప్పుడు తెస్తావ్?" అంది. అంతకు మించి మెచ్చుకోలు ఆవిడ దగ్గర ఉండదట. ఆ వానాకాలం ముగిసేసరికి ముందుగదిలో రెండో మిషను పడింది. నా డబ్బాను పెరట్లోకి మార్చారు.

ఇప్పుడు ఒక్క ముక్క. ఇంత కథలో ఒక్కచోట మాత్రం నేను సొంతంగా కాస్త కలిపాను. వీధిలో మెట్లు దిగి వెళ్ళి తప్పు ఒప్పుకున్నానన్నానే, అది కల్పితం. నేను దిగలేదు. తలుపు వెనక నిలబడి సందులోంచి చూస్తున్నాను. గమ్ము డాక్టర్ని నలుగురూ తిడుతుంటే మాట్లాడింది కోడలు. "ఆయన్నేం అనకండి బాబాయ్. క్యారియర్ మేమే బిగించుకున్నాం, మాకే సరిగ్గా చేతకాలేదు" అంది.

మేమే అంది. ఎవరని సర్వజ్ఞుడు రెట్టించి అడిగినా, మేమే అంది.